రెబ్కా ఆంటీ హ్యాండోవర్

రెబ్కా ఆంటీ దగ్గర తయారై సైన్స్ ఫెయిర్‌కి వెళ్ళిన పిల్లల్లో ఒక్కళ్ళకి కూడా ఫస్టు ప్రైజు రాలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మంచి మాటలు తర్వాత, ఎక్కడ తేడా కొట్టిందో అది ముందు చెప్పాలన్నది ఆవిడ నేర్పిన పద్ధతే. ఆ పద్ధతి వల్లే మా ప్రైజులు పోయాయని మేమందరం ఏళ్ళ తరబడి నమ్మాం. నేనైతే నలుగురిలో బల్ల గుద్ది మరీ చెప్పేదాన్ని. నా నోరు అలాంటిది.

నా పేరు అబిగెయిల్. ఇంట్లో అబీ అంటారు. ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉద్యోగం, కానీ పుట్టి పెరిగింది దక్షిణ ఢిల్లీలో, ఒక పెద్ద సర్కారీ ఆసుపత్రి వెనకాల ఉండే స్టాఫ్ క్వార్టర్సులో. మా అమ్మా రెబ్కా ఆంటీ ఇద్దరూ ఆ ఆసుపత్రిలో నర్సులు. ఇద్దరిదీ చీరాల వైపే. మిషన్ ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకుని, ముందు వెళ్ళిన అక్కల వెంట బితుకుబితుకుమంటూ ఢిల్లీ రైలెక్కినవాళ్ళే. మాది కింద ఇల్లు, వాళ్ళది మా పైన. పైన కుర్చీ జరిగితే చాలు, ఆంటీ డ్యూటీ నుంచి వచ్చిందని మాకు తెలిసిపోయేది.

ఆవిడ పొట్టి మనిషి, గట్టి గొంతు. చీర కుచ్చిళ్ళకి, పైటకి ఎక్కడెక్కడ పిన్నులు పెట్టేదో గానీ తుఫానొచ్చినా ఒక్క మడత కదిలేది కాదు. హిందీ వార్డులో నేర్చుకున్నది కాబట్టి అందులో సగం ఆజ్ఞలే ఉండేవి. కూరగాయల భయ్యాతో కూడా, "హిలో మత్, పహలే తరాజూ దిఖావ్," అని ఇంజెక్షన్ ఇవ్వబోతున్నట్టే మాట్లాడేది. పాపం ఆ భయ్యా నిజంగానే కదలకుండా నిలబడేవాడు.

నర్సుల లోకంలో హ్యాండోవర్ అని ఒకటుంటుంది. డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సుతో కలిసి ఒక్కో మంచం దగ్గరా నిలబడి, ఆ పేషెంటు సంగతంతా చెప్పి అప్పజెప్పాలి. ఆంటీకి అదంటే ప్రార్థన తర్వాత ప్రార్థన అంతటిది. "ఆరో మంచం ఆయన మంచోడు, నవ్వతా మాట్టాడతాడు అని చెప్పి ఇంటికెళ్ళిపోతే ఎట్టా? పొద్దుట్నించీ ఒంటేలు పొయ్యలేదని ముందు చెప్పాల. అది దాచిపెట్టి నువ్వెళ్ళి అన్నం తిని పడుకుంటే, నీ తర్వాతొచ్చిన పిల్లకి తెల్లారిపోద్ది," అనేది. కొత్తగా చేరిన నర్సులు ఆవిడకి హ్యాండోవర్ ఇవ్వాలంటే వణికేవారని మా అమ్మ చెప్పేది.

ఆ హ్యాండోవర్ మా సైన్స్ ఫెయిర్లలోకి ఎలా వచ్చిందంటే, అదంతా ఆవిడ కొడుకు రూబెన్ పుణ్యం. వాడూ నేనూ ఒకటే క్లాసు. ఒకసారి వాడు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, "ఆదరణీయ నిర్ణాయకులారా, ఈ అద్భుతమైన ఆవిష్కరణ మానవజాతికి..." అని హిందీలో బట్టీ పడుతున్నాడు. డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద వాలిన ఆంటీకి అది విని ఒళ్ళు మండింది. "ఏందిరా ఆ సోది? ఇట్రా. నాకు హ్యాండోవర్ ఇయ్యి," అంది. వాడు ఇచ్చాడు. కింద మెట్ల మీద కూర్చుని నేను విన్నాను. మర్నాటికి నేనూ నా అట్టపెట్టె పట్టుకుని పైకెళ్ళాను. ఆ తర్వాత ఏడాది నుంచి క్వార్టర్సులో తెలుగు పిల్లలందరూ, కొందరు మలయాళీ పిల్లలూ, పక్క బ్లాకులోని పంజాబీ కవలలూ, ఫెయిర్‌కి ముందు శనివారం మధ్యాహ్నం ఆవిడ డైనింగ్ టేబుల్ ముందు వరసకట్టారు.

ఆ శనివారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఫెవికాల్ వాసన వస్తుంది. మెట్ల మీదంతా థర్మోకోల్ పొడి. రిక్షాలోనూ డీటీసీ బస్సులోనూ నలిగిపోకుండా మోసుకొచ్చిన చార్టులు. టేబుల్ మీద పూల ప్లాస్టిక్ గుడ్డ తీసేసి, ఆంటీ చేతులు కట్టుకుని నిలబడేది. ఆవిడ అడిగేవి నాలుగే. ఎక్కడ తేడా కొడతంది, ఇదేంటి, నువ్వేం చేశావు, నీకేం తెలీదు. కాగితం చూడకూడదు. తెలీదన్న మాట చెప్పేటప్పుడు మాత్రం నేలచూపులు చూడకూడదు, ఎదుటివాళ్ళ కళ్ళలోకే చూడాలి. "తెలీకపోటం నేరమంటే? గొణగతావెందుకు?" అని కసిరేది.

సిలాసు అంకులు, అంటే ఆంటీ భర్త, రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. నెమ్మదస్తుడు. ఆ శనివారాల్లో ఆయనది పేషెంటు బంధువు వేషం. స్టూలు మీద కూర్చుని, ఏమీ అర్థం కానట్టు మొహం పెట్టి, "దీనివల్ల మాకేంటమ్మా ఉపయోగం?" అనీ, "మరి కరెంటు పోతే?" అనీ అడిగేవాడు. ఢిల్లీలో కరెంటు పోతే అన్న ప్రశ్నకి ఆ రోజుల్లో ఏ ప్రాజెక్టూ నిలబడేది కాదు. మేం నీళ్ళు నమిలితే, ఆయనే జాలిపడి లేచి, "అందరూ పాసే, పదండి సమోసాలు తిందాం," అనేవాడు. అంత మంచి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇక ఫెయిర్‌లో ఏం జరిగేదో చెప్తాను. మిగతా పిల్లలు జడ్జి రాగానే తమ వస్తువు గొప్పలు చెప్పేవారు. మా క్వార్టర్సు బ్యాచ్ మాత్రం వార్డులో పేషెంటుని అప్పజెప్పినట్టు, ముందు రోగం చెప్పేది. ఎనిమిదో క్లాసులో నేను ఓ అలారం చేశాను. మిద్దె మీద ట్యాంకు నిండగానే నీళ్ళు రెండు తీగలకి తగిలి గంట మోగుతుంది. పొద్దున్నే ట్యాంకు పొర్లి, పై ఇంటికీ కింది ఇంటికీ జుట్లు పట్టుకునే దాకా వచ్చే ఊళ్ళో అది చిన్న విషయం కాదు. జడ్జి నా ముందుకొచ్చి చిరునవ్వు నవ్వాడు. నేను ఆయన కళ్ళలోకి చూసి, "సర్, నాలుగు రోజులయ్యేసరికి తీగలు పచ్చగా తుప్పుపట్టి గంట మోగడం మానేస్తుంది. ఎందుకో నాకు తెలీదు," అని మొదలుపెట్టాను. ఆయన "అచ్ఛా" అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

పక్క బల్ల విష్ణు అనే వేరే కుర్రాడిది. వాడు థర్మోకోల్ డ్యాము కట్టి, ఇది దేశంలో కరెంటు కొరతని పూర్తిగా తీర్చేస్తుందని కంఠం పెంచి చెప్పాడు. దాంట్లో పారిన నీళ్ళు మేం మగ్గులతో పోసినవే. బల్బు వెలిగిందనుకోండి, అది వేరే సంగతి. ఫస్టు ప్రైజు వాడికి. నాకు కన్సొలేషన్ కింద స్టీలు గ్లాసు. రూబెన్‌కీ గ్లాసే. వాడికి ప్రతి ఏడాదీ గ్లాసే, వాళ్ళింట్లో నీళ్ళు తాగడానికి వేరే గ్లాసులు కొనాల్సిన అవసరం రాలేదు.

నేను ఆ గ్లాసు పట్టుకుని ఏడుస్తూ సరాసరి ఆంటీ ఇంటికెళ్ళాను. ఆవిడ పైటచెంగుతో నా మొహం తుడిచి, ఆమ్లెట్టు వేసి, బ్రెడ్డు మధ్యలో పెట్టి చేతికిచ్చింది. "నిజమే గదా చెప్పావు?" అంది. "నిజం చెప్పబట్టే పోయింది! నువ్వు చెప్పమనబట్టే పోయింది!" అని అరిచాను. వెనకాల నుంచి రూబెన్ కూడా, "అవును మమ్మీ, వచ్చే ఏడాది నీకు చూపించను, చూడు," అన్నాడు. వచ్చే ఏడాది మేమిద్దరం మళ్ళీ ఆ టేబుల్ ముందే నిలబడ్డాం. వేరే ఎవరున్నారు మా మాట అంత శ్రద్ధగా వినేవాళ్ళు?

ఇవన్నీ ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, పోయిన చలికాలం అనుగ్రహ సైన్స్ ఫెయిర్ జరిగింది. అనుగ్రహ రూబెన్ కూతురు, తొమ్మిదో క్లాసు. అంకులు పోయాక, క్వార్టర్సు కూల్చి టవర్లు కట్టడం మొదలయ్యాక, ఆంటీ గురుగ్రామ్‌లో కొడుకు ఫ్లాటుకి మారింది. మబ్బులకి దగ్గరగా, అంత పైన. బాల్కనీలోంచి కిందికి చూస్తే మనిషి మొహం కనపడదని ఆవిడ బాధ. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనకి నేనే మెట్రోలో తీసుకెళ్తుంటాను.

అనుగ్రహకి తెలుగు అంతా అర్థమవుతుంది గానీ నోరు విప్పితే హిందీ. నానమ్మ చెప్పే వార్డు కబుర్లు వింటూ పెరిగింది. సెలైన్ సీసా ఎక్కడ ఖాళీ అయిపోతుందోనని నర్సులు మంచం మంచానికీ పరిగెత్తే సంగతి విని, ఓ పరికరం చేసింది. సీసాని ఓ కొక్కేనికి తగిలిస్తే, బరువు తగ్గి సీసా అడుగంటుతుండగా గంట మోగుతుంది, నర్సు ఫోనుకి కబురు వెళ్తుంది. ఆ ఫెయిర్‌లో ఫస్టు వచ్చినవాళ్ళకి వేసవిలో నెల రోజులు జియా సరాయ్ పక్కనున్న ఆ పెద్ద ఇంజినీరింగ్ సంస్థ ల్యాబులో పనిచేసే అవకాశం. అటువైపు వెళ్ళినప్పుడల్లా కారు అద్దానికి ముక్కు ఆనించి ఆ గేటు చూసే పిల్ల అది. అందుకని ఇంట్లో అందరికీ ఆ ఫస్టు ప్రైజు కావాలి.

ఆ పరికరంలో ఓ తేడా ఉంది. మొదటి రోజే ఆంటీ పట్టేసింది. పేషెంటు పక్కకి తిరిగినప్పుడు ట్యూబు మడతపడితే సెలైన్ ఆగిపోతుంది. ఆగిపోతే సీసా బరువు తగ్గదు. తగ్గకపోతే గంట మోగదు. అంతా బాగానే ఉందనుకుని నర్సు అటు రాదు. అనుగ్రహ ఎంత తన్నుకులాడినా దానికి విరుగుడు దొరకలేదు.

ఫెయిర్‌కి ముందు వారం రూబెన్ భార్య చాందిని నాకు ఫోన్ చేసింది. హైదరాబాద్ పిల్ల, మనసు మంచిది, మాట సూటి. "అక్కా, అత్తయ్యంటే నాకెంత ఇష్టమో నీకు తెల్సు. కానీ ఈ శనివారం ఆమెను ఎటన్నా తీస్కపోవా? ప్రెజెంటేషన్ కోచ్ ఇంటికొస్తుండు. వీక్ పాయింట్ నోట్లకెల్లి అస్సలు రావొద్దంటడు ఆయన. అడిగితే ఫ్యూచర్ స్కోప్ అనమంటడు. అత్తయ్య పక్కన కూసుంటే పిల్ల ఆగమైతది."

"తప్పకుండా తీసుకెళ్తాను," అన్నాను. నిజం చెప్పాలంటే చాందినిదే రైటనిపించింది. నా స్టీలు గ్లాసు నేనింకా మర్చిపోలేదు.

ఆంటీని బేర్ సరాయ్ తీసుకెళ్ళాను. మా చిన్నప్పుడు చార్టులకీ, జిరాక్సులకీ, పెద్దక్షరాలు రాయించుకోడానికీ ఆవిడ మమ్మల్ని అక్కడికే వెంటేసుకుని వెళ్ళేది. అవే ఇరుకు సందులు, అవే పుస్తకాల గుట్టలు, నెత్తి మీద అవే తీగలు. మెస్సుల్లోంచి రాజ్మా వాసన. గదులకి టు-లెట్ బోర్డులు పెరిగాయి, అంతే. ఆంటీ ఒక్కో కొట్టు ముందూ ఆగి, "ఇక్కడే గదే రూబెన్ తప్పిపోయింది," అంటూ నడిచింది. చాలా రోజుల తర్వాత ఆవిడ మొహంలో కళ చూశాను. నాకూ ప్రాణం లేచొచ్చింది.

టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాక, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, నా వైపు చూడకుండానే, "నన్ను ఇంట్లోంచి తప్పించడానికే గదే తీసుకొచ్చావు?" అంది.

నాకు టీ పొలమారింది.

"చాందిని తప్పేం లేదులే. తల్లి గదా, దాని భయం దానిది," అంది. "అబీ, నిన్నొకటి అడుగుతా. నిజం చెప్పు. మీ అందరి ప్రైజులూ నావల్లే పోయినయ్యా?"

"అబ్బే, అదేం లేదాంటీ. అప్పుడేదో చిన్నతనం," అన్నాను.

"అబద్ధం చెప్పేటప్పుడు నీ గొంతు సన్నబడద్ది. చిన్నప్పట్నించీ అంతే." ఆవిడ నవ్వలేదు. "రూబెన్ నవ్వులాటకే అంటాడు. కానీ ఇన్నేళ్ళూ అంటానే ఉన్నాడు. మీ అంకుల్ని గూడా ఓసారి అడిగా. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నువ్వన్నా అవునంటే అవునని చెప్పవే. వార్డులో ఏ పేషెంటుకీ నావల్ల చెడు జరగనీలా. ఇంట్లో పిల్లకాయలకి చేశానేమోనని లోపల ఒకటే పీకతా ఉంటది."

నా నోరు మామూలుగా మూతపడదు. ఆ పూట మూతపడింది. ఆవిడ ఇన్నేళ్ళుగా దీన్ని మోస్తోందని నాకు తెలీదు. మేం ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి క్రిస్మస్‌కీ కూర్చుని, గ్లాసుల జోకులేసుకుని పకపకా నవ్వుకుంటుంటే, ఆవిడ పక్కనే ఉండి ప్లేట్లలో కేకు ముక్కలు పెడుతూ వినేది. ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు నేను.

ఫెయిర్ రోజు నేనూ వెళ్ళాను. స్కూలు హాలు నిండా బల్లలు, ల్యాప్‌టాప్‌లు, బ్లేజర్లు వేసుకున్న పిల్లలు. థర్మోకోల్ ఎక్కడా కనపడలేదు. తల్లిదండ్రులు బల్లలకి కాస్త వెనగ్గా నిలబడచ్చన్నారు. చాందిని గోళ్ళు కొరుక్కుంటోంది, రూబెన్ ఫోనులో వీడియోకి సిద్ధంగా ఉన్నాడు. జడ్జీలు మూడు బల్లల అవతల ఉండగా, ఆంటీ గబగబా వెళ్ళి మనవరాలి కాలరు సవరించింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

"తల్లీ, ఆ ట్యూబు మడతపడే సంగతి ఎత్తొద్దులే. కోచ్ సారు చెప్పినట్టే చెప్పు. ఈ ఒక్కసారికి నానమ్మ మాట విను."

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరి మీద కోపమో నాకే తెలీదు. రెబ్కా ఆంటీ ఏంటి, దాచిపెట్టమని చెప్పడమేంటి!

అనుగ్రహ ఆవిడ మొహంలోకి చూసి, "నానమ్మా, ఆప్? యే ఆప్ బోల్ రహీ హో?" అంది, ఈ మాట అంటున్నది నువ్వేనా అన్నట్టు. ఆంటీ తల తిప్పుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

జడ్జీలు వచ్చారు. తెల్ల గడ్డం ఆయన ఒకరు, కళ్ళజోడు పెట్టుకున్న మేడం ఒకావిడ. అనుగ్రహ కోచ్ నేర్పినట్టే చిరునవ్వుతో మొదలుపెట్టి, చేతులు తిప్పుతూ గడగడా చెప్పుకుపోయింది. సీసాలో నీళ్ళు తగ్గాయి, గంట మోగింది, ఫోను వెలిగింది. గడ్డం ఆయన తలూపాడు. చాందిని ఊపిరి వదిలింది.

మేడం సీసానే చూస్తూ, సరదాగా, "తో అబ్ నర్స్ ఆరామ్ సే చాయ్ పీనే జా సక్తీ హై?" అని, ఇక నర్సు నిశ్చింతగా టీ తాగడానికి వెళ్ళచ్చా అని అడిగింది.

ఆంటీ నా మణికట్టు పట్టుకుంది. ఆ ముసలి వేళ్ళలో అంత బలముందని నాకు తెలీదు. "ప్రభువా, చెప్పనియ్యొద్దు, చెప్పనియ్యొద్దు," అని పెదాల్లోనే అంటోంది.

అనుగ్రహ మేడం కళ్ళలోకి సూటిగా చూసి, "నహీఁ మ్యామ్. మత్ జానే దీజియే," అని, వెళ్ళనివ్వద్దంది. నిండు సీసా ఇంకోటి తగిలించి, ట్యూబుని వేళ్ళతో మడిచి పట్టుకుంది. నీళ్ళు ఆగిపోయాయి. అందరం గంట కోసం చూశాం, మోగలేదు. "ఇలా మడతపడితే పేషెంటుకి మందు అందదు, నా మెషీనుకి తెలీదు. అంతా బాగుందనుకుంటుంది. దీన్ని ఎలా సరిచేయాలో నాకు తెలీదు మ్యామ్," అని హిందీలో చెప్పింది. గొణగలేదు.

మేడం తన కాగితం మీద ఏదో రాసుకుని, దీన్ని ఎక్కడ, ఎలా పరీక్షించావని అడిగి తెలుసుకుని, థాంక్యూ చెప్పి ముందుకెళ్ళింది. చాందిని కళ్ళు మూసుకుంది. ఆంటీ అక్కడున్న కుర్చీలో కూలబడింది. "అయిపోయింది. దీనిది గూడా నేనే పోగొట్టా," అంది.

మధ్యాహ్నం ప్రైజులు చెప్పారు. ఫస్టు ఇషిత అనే అమ్మాయికి. చూపులేనివాళ్ళకి వచ్చే బస్సు నంబరు చదివి వినిపించే పరికరం చేసింది. అనుగ్రహకి సెకండ్. ల్యాబు ఫస్టుకే కాబట్టి, జియా సరాయ్ పక్క గేటు ఆ ఏటికి మూసుకుపోయినట్టే. పిల్ల స్టేజీ మీద నవ్వుతూనే సర్టిఫికెట్ తీసుకుంది గానీ, మా దగ్గరికొచ్చేసరికి గడ్డం వణుకుతోంది. చాందిని దాన్ని దగ్గరికి తీసుకుంది. రూబెన్ ఏదో జోకెయ్యబోయి, తల్లి మొహం చూసి ఊరుకున్నాడు.

అప్పుడు ఆంటీ లేచింది. పైట సర్దుకుని, హాలు మధ్యలోంచి సరాసరి ఆ మేడం దగ్గరికి నడిచింది. ఎన్ని ఫెయిర్లయినా, ఎంతమంది పిల్లలు ఏడ్చినా, ఆవిడ ఏనాడూ ఏ జడ్జినీ నిలదీయలేదు. నేను వెనకాలే పరిగెత్తాను. గొడవేసుకుంటుందని నా భయం.

"మేడంజీ, మై ఉస్ బచ్చీ కీ దాదీ హూఁ. రిటైర్డ్ నర్స్," అని, ఆ పిల్ల నానమ్మనని మొదలుపెట్టి, తన వార్డు హిందీలో అడిగేసింది. "మా పిల్ల తన తప్పు తనే చెప్పుకుంది కదా. అందుకే మార్కులు కోశారా? దాచకుండా చెప్పండి. అది చెప్పింది నావల్ల. నాకు తెలియాలి."

మేడం కళ్ళజోడు తీసి ఆంటీ వైపు చూసింది. నవ్వలేదు, విసుక్కోలేదు. పక్క కుర్చీ లాగి, "బైఠియే ఆంటీజీ," అంది. ఆంటీ కూర్చోలేదు.

"కోయడమేంటండీ? ఆ మాటకి నేను మీ అమ్మాయికి పూర్తి మార్కులిచ్చాను," అంది మేడం. "మార్కులు పోయింది వేరేచోట. ఒకటే సైజు సీసాతో, ఇంట్లో కర్టెన్ రాడ్డుకి తగిలించి పరీక్షించిందట, నేనడిగితే చెప్పింది. చిన్న సీసా తగిలిస్తే మొదట్నుంచీ గంట మోగుతూనే ఉంటుంది. వార్డులో అన్ని సైజులూ ఉంటాయి, అది మీకే బాగా తెలుసు. ఇషిత తన పరికరాన్ని పట్టుకుని నెలల తరబడి బస్టాపుల్లో తిరిగింది. చూపులేనివాళ్ళ చేతికిచ్చి వాడించింది. పొగమంచులో పనిచేయదని ఆ అమ్మాయి కూడా తనంతట తనే చెప్పింది. ఆ అమ్మాయి ప్రాజెక్టు ఇంకా బాగుంది. అంతే."

"బస్, ఇత్నా హీ? అంతేనా?" అంది ఆంటీ.

"ఇత్నా హీ."

"నిజం చెప్పినందుకు కాదు గదా?"

ఇది తెలుగులోనే అడిగేసింది. నేను హిందీలోకి మార్చి చెప్పాను. మేడం తల అడ్డంగా ఊపి, "బిల్కుల్ నహీఁ," అంది.

ఆంటీ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "వందనాలమ్మా, వందనాలు," అంటూ ఇటు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. ఆ నవ్వు చూసి నేనూ ఏడ్చేశాను, ఆపుకోవడం నావల్ల కాలేదు. హాల్లో జనమంతా మమ్మల్నే చూస్తున్నారు. చూడనీ!

అనుగ్రహ బిత్తరపోయి, "నానమ్మా, మై హార్ గయీ. ఆప్ ఖుష్ క్యోఁ హో?" అని, తను ఓడిపోతే నానమ్మకి సంతోషమేంటని అడిగింది.

"నీ సీసాల లెక్క కుదర్లేదే నా బంగారు తల్లీ! అంతే! కుదరకపోతే వచ్చే ఏటికి కుదుర్చుకుందాం!" అని దాన్ని గట్టిగా కావలించుకుంది ఆంటీ. తర్వాత కొడుకు కోసం చుట్టూ చూసింది. రూబెన్ ఫోను పట్టుకుని తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్ రూబెన్!" అంది. వార్డు ఆ చివరి నుంచి ఈ చివరికి వినపడే గొంతు అది, చాలా ఏళ్ళకి విన్నాను. "ఇన్నేళ్ళూ నన్ను ఆడిపోసుకున్నావు గదరా! నావల్ల గాదంట! నీ ప్రాజెక్టులే బాగోలేదంట!"

"మమ్మీ, నా ప్రాజెక్టులు ఆవిడెక్కడ చూసింది?" అన్నాడు రూబెన్.

"చూడకపోతే ఏం, నేను చూశా గదరా. బాగుండేవి గాదు," అంది ఆంటీ. చాందిని పకాల్న నవ్వింది. ఆ వెంటనే రూబెన్ కూడా నవ్వేసి, వచ్చి తల్లి భుజాల చుట్టూ చెయ్యేశాడు. "సారీ మమ్మీ," అన్నాడు, మెల్లగా.

నేను ఊరుకోవచ్చు కదా. నా నోరు అలాంటిది.

"మరి నాదాంటీ? నా అలారం?" అన్నాను.

ఆంటీ కళ్ళు తుడుచుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"నీది మరీ ఘోరమే," అంది.